బండల నడుమ ఇల్లు: నవాబు మెహదీ నవాజ్ జంగ్ జీవితము

హైదరాబాదు నగరమున పంజగుట్ట దాటి పడమరగా పోవువారికి నేల మెల్లమెల్లగా పైకి లేచుచున్నట్లు తోచును. అచ్చటి పేర్లే ఆ నేల స్వభావమును తెలుపుచున్నవి. పంజగుట్టలో గుట్ట యున్నది. ఎర్రగడ్డలో గడ్డ యున్నది. బోరబండలో బండ యున్నది. ఇండ్లును, అంగళ్ళును, రహదారులును నేలనంతటిని కప్పివేసినను ఈ పేర్లు తమ పుట్టుకను మరుగుపరచలేదు. ఈ ప్రాంతపు నల్లరాతి బండలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వీని వయస్సుతో పోల్చినచో హిమాలయములు నిన్న పుట్టిన పసివాండ్రు.

సుమారు నూరు సంవత్సరముల క్రిందట ఈ కొండలమీద ఇల్లు కట్టుకొనవలెనని నగరవాసులు తలంచినవారు కారు. పగటివేళ వేటకు వచ్చి, చీకటి పడకమునుపే తిరిగిపోవుటకు మాత్రమే ఈ చోటు తగినదని పెద్దలు భావించుచుండిరి. అట్టి కాలమున నిజాము ప్రభుత్వములోని ఉన్నతోద్యోగి యొకరు కుటుంబముతో వచ్చి, రాళ్ళ నడుమ ఇల్లు కట్టుకొని, ఆ ప్రదేశమునకు తన పేరు గాక, అంతకుముందే అచ్చట నున్నవారి పేరు నిలిపెను. ఆ గృహస్థుడే నవాబు మెహదీ నవాజ్ జంగ్. నేడు దేశమంతటను పేరుగన్న బంజారాహిల్స్ ఆయన ఇంటితోనే మొదలైనది. ఆయన తరువాత మంత్రి యయ్యెను, గవర్నరు అయ్యెను, ఒక గొప్ప ఆసుపత్రికి తన పేరు నిచ్చెను. కాని ఆయన స్వభావమును గ్రహింపగోరువారు మొదట చూడవలసినది ఆయన ఇల్లు కట్టిన తీరును.

మెహదీ నవాజ్ జంగ్ 1894లో జన్మించెను. మెహదీ యనునది ఇంటివారు పెట్టిన పేరు. నవాజ్ జంగ్ అనునది నిజాము ప్రభువు కొలువులోనివారికి ప్రసాదించు బిరుదులలో నొకటి. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాలించుచుండెను. ఆనాడు హైదరాబాదు అనగా ప్రధానముగా మూసీనదికి దక్షిణమున ప్రాకారము లోపలనున్న పట్టణమే. చార్మినారు చుట్టును బజారులు, సన్నని సందులు, ఎత్తైన గోడల చాటున ప్రభువర్గమువారి దేవిడీలు, వాని వెనుక పేదల పూరిండ్లు, ఇదియే నగరస్వరూపము. అచ్చట పెద్దవాని మేడయు, పేదవాని గుడిసెయు ఒకే గాలి పీల్చుచుండినవి. ఒకే నది నీరు త్రాగుచుండినవి.

ఆ నది 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన పొంగి నగరముమీద పడెను. అప్పటికి మెహదీ పదునాలుగేండ్ల బాలుడు. ఒక్క దినములో వేలకొలది జనులు మరణించిరి. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చేరియున్న చింతచెట్టు కొమ్మలు పట్టుకొని నూరుమందికి పైగా బ్రతికి బయటపడిరని చెప్పుదురు. ప్రాకారముల వలన శత్రువు రాలేకపోవచ్చును గాని నీరు ఆగదని నగరవాసులకు ఆనాడు తెలిసివచ్చెను. మరుసటి సంవత్సరమున మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిరి. ఆయన సలహాను పురస్కరించుకొని మూసీమీద ఉస్మాన్ సాగరు 1920లోను, ఈసీనదిమీద హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి సంఘము నేర్పడెను. అది ఇరుకు పేటలను విప్పి, వెడల్పైన వీథులు వేసి, పేదలకు గాలి వెలుతురు గల ఇండ్లు కట్టింప పూనుకొనెను. నడుమ ప్లేగు వచ్చి మరికొందరిని పొట్టన పెట్టుకొనెను. ప్లేగు సోకిన పేట విడిచి ఊరి బయట పాకలు వేసికొని యుండుట జనులకు అలవాటయ్యెను.

మెహదీ నవాజ్ జంగ్ యౌవనము గడచినది ఈ మార్పుల నడుమనే. ఇల్లు ఎచ్చట కట్టవలెను, ఎట్లు కట్టవలెను, ఎవరికొరకు కట్టవలెను అను ప్రశ్నలు ఆ తరమువారికి వినోదమునకు వేసికొన్నవి కావు. అవి చావు బ్రతుకులకు సంబంధించినవి.

ఆయన ప్రభుత్వోద్యోగమున ప్రవేశించి క్రమక్రమముగా పైకి వచ్చెను. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ 1919లో పరిపాలన కొరకు కార్యనిర్వాహక మండలిని ఏర్పరచెను. ఆ మండలికి 1926 మొదలు 1937 వరకు మహారాజా కిషన్ పర్షాద్ అధ్యక్షుడుగా నుండెను. మెహదీ నవాజ్ జంగ్ ఆ కాలమున మండలి కార్యదర్శియై మహారాజుతో సన్నిహితముగా పనిచేసెను. కిషన్ పర్షాద్ షాద్ అను కలము పేరుతో ఉర్దూ పారసీకములలో కవిత్వము చెప్పినవాడు. హిందువై పుట్టి, ముస్లిము సూఫీల గోష్ఠిని ప్రేమించినవాడు. వచ్చినవారికెల్ల తలుపు తెరచిన దాత. అట్టి పెద్ద యొద్ద పనిచేసినవానికి రాజకార్యముతోపాటు మర్యాదయు, మతసహనమును అలవడుట సహజము. మెహదీ నవాజ్ జంగ్ తరువాతి కాలమున ఆ మహారాజు జీవితచరిత్రను ఉర్దూలో రచించి గురువు ఋణము తీర్చుకొనెను.

నగరము వెలుపల ఇల్లు కట్టుట హైదరాబాదు ప్రభువర్గమునకు క్రొత్త కాదు. దక్షిణమున ఒక గుట్టమీద వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా మేడను చాల సంవత్సరములు కట్టించెను. తుదకు దానిని నిజాము తీసికొనెను. పంజగుట్ట సమీపమున నవాబు ఫఖ్రుల్ ముల్క్ ఒక ఎత్తైన దిబ్బమీద నూటయేబదికి పైగా గదులతో ఇర్రం మంజిలును నిర్మించెను. ఆ దిబ్బను జనులు తెలుగున ఎర్రగడ్డ యని పిలుచుచుండగా, అదే ధ్వని వినవచ్చునట్లు పారసీకమున స్వర్గవనము అనునర్థము గల ఇర్రం అను పేరును నవాబు ఎన్నుకొనెనని చెప్పుదురు. ఈ మేడలు చూచువారి కన్నులు మిరుమిట్లు గొలుపవలెనని కట్టినవి. గుట్ట వానికి పీఠము మాత్రమే. గుట్టమీద అంతకుముందు ఏమున్నది, ఎవరున్నారు అను విచారము వానిలో లేదు.

ఇర్రం మంజిలుకు ఎదుట, పడమటి దిక్కున ఉన్న కొండలలో ఉన్నవారు బంజారాలు. మన తెలుగునాట వీరిని లంబాడీలనియు, సుగాలీలనియు పిలుతురు. వీరి పూర్వులు దేశమంతటను ఎద్దులమీద సరకులు మోసిన వర్తకులు. సముద్రతీరమునుండి ఉప్పును, పంటసీమలనుండి ధాన్యమును వేలకొలది ఎద్దుల పెరికలకెత్తి దక్కను పీఠభూమిలోనికి తెచ్చినవారు వీరే. మొగలు సేనలకును, నిజాము సేనలకును ధాన్యము అందించినవారు వీరే. రహదారులును, రైలుమార్గములును వచ్చిన పిమ్మట ఈ వృత్తి నశించెను. హైదరాబాదునకు 1874లో రైలు వచ్చెను. బండి ఒక్కరాత్రిలో మోసికొనివచ్చు సరకును ఎద్దు నెల దినములు మోయవలెను. తరతరములుగా నడచిన కాళ్ళు ఆగిపోయెను. బంజారాలు అడవులలోను, కొండలలోను తండాలు వేసికొని పశువులమీదను, కూలిమీదను బ్రతుకసాగిరి. అట్టి గుడిసెలు ఈ రాళ్ళ నడుమను ఉండెను.

మెహదీ నవాజ్ జంగ్ 1920ల చివరి భాగమున ఈ కొండలపై స్థలము సంపాదించి ఇల్లు కట్టదలచెను. ఊరి బయట ఇల్లు కట్టుట యజమాని యొక్కని సాహసము కాదు; అది ఇంటిల్లిపాది సాహసము. అంగడి దూరము, వైద్యుడు దూరము, బంధువుల ఇండ్లు దూరము. దీపాలవేళ దాటినచో పలుకరించువాడు లేడు. అన్నిటికంటె కష్టము నీరు. రాతిమీద పడిన వాన నిలువక జారిపోవును. బావి త్రవ్వబోయిన గునపమునకు బండ తగులును. పల్లమున నిండియున్న చెరువుల నీటిని కొండపైకి ఎక్కించుట అంత సులభము కాదు. పగలెల్ల ఎండకు కాగిన బండ పొద్దుగూకిన పిమ్మటగాని చల్లారదు. ఇన్ని ప్రతికూలములు ఉన్నను రాతి సందులలో వీచు గాలియు, నాలుగు దిక్కుల కనిపించు ఆకాశమును, ఇరుకు సందులలో పెరిగినవారికి ఎట్టి భాగ్యముగా తోచెనో ఊహించుకొనవచ్చును.

ఇల్లు కట్టువాడు మొట్టమొదట నేలను చదును చేయించును. మైదానమున అది చిన్నపని. రాతినేలమీద చదును చేయుటయనగా బండలను పగులగొట్టుటయే. తెలంగాణములో వడ్డెరవారు తరతరములుగా ఎరిగిన విద్య యొకటి కలదు. పెద్ద బండమీద కట్టెలు పేర్చి మంట పెట్టుదురు. వేడికి పైపొర ఉబ్బి అడుగునుండి విడివడును. పిమ్మట గునపములతో దానిని కదలించి, ఉలితో వరుసగా గుంటలు చేసి, వానిలో ఇనుప మేకులు దిగగొట్టి, కావలసిన కొలతకు చీల్చుదురు. తొందర యున్నచోట రంధ్రము తొలిచి మందు కూరి పేల్చుదురు. కోట్ల సంవత్సరములు నిలిచిన బండ అరనిమిషములో కంకర యగును.

మెహదీ నవాజ్ జంగ్ ఆ మార్గమున పోలేదు. బండలను ఉన్నచోటనే ఉండనిచ్చి, వాని నడుమనున్న చోటును చూచుకొని ఇంటిని అమర్చెను. రాతిని తొలగించి గోడ కట్టుటకు బదులు రాతినే ఇంటిలో కలుపుకొనెను. ఇల్లు కొండపై నిలువక కొండలో ఒదిగెను. దూరమునుండి చూచువారికి ఇల్లు ఎచ్చట ముగిసినదో, బండ ఎచ్చట మొదలైనదో వెంటనే తెలియనట్టి కట్టడమది. ఫలక్‌నుమా వంటి మేడలను చూచిన కన్నులకు ఇది వింతగా తోచియుండును. సంపద లేకగాదు, నేలయెడల గౌరవము ఉండుటచేతనే ఆయన ఇట్లు కట్టెను.

ఇల్లు కట్టి ఆయన ఊరకుండలేదు. ఆ ప్రదేశమునకు పేరు పెట్టవలసివచ్చెను. హైదరాబాదు రాజ్యమున క్రొత్తగా వెలసిన ప్రతి పేటకును ప్రభువు పేరో, యువరాజు పేరో, కట్టించిన నవాబు పేరో పెట్టుట వాడుక. ఉస్మాన్, హిమాయత్ అను పేర్లు చెరువులకు సైతము వచ్చినవి. మెహదీ నవాజ్ జంగ్ తన ఇంటిచుట్టునున్న కొండలకు బంజారాల పేరు పెట్టెను. నిన్నటిదాక దారివెంట ఎద్దులు తోలినవారు, బిరుదులు లేనివారు, భూమిపత్రములు లేనివారు. అట్టివారి పేరు ఒక పేటకు శాశ్వతముగా నిలిచెను. తాను వచ్చుటకు ముందు ఆ నేల ఖాళీగా లేదని ఒప్పుకొనుటయే ఈ పేరులోని అర్థము.

ఒకరు వెళ్ళిన చోటికి మరొకరు వెళ్ళుదురు. కొలది సంవత్సరములలోనే మరికొందరు ఉద్యోగులును, విద్యావంతులును ఈ కొండలపై ఇండ్లు కట్టసాగిరి. నగరమునకు ఉత్తరమునను పడమరను గాలి మంచిదని జనులు గుర్తించిరి. మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు క్రొత్తగా వచ్చువారికి దారి చూపుటయేగాక, నగరమును చూడవచ్చిన పెద్దలకు విడిదిగాను ఉపయోగపడెను.

అట్లు వచ్చినవారిలో అగ్రగణ్యుడు రవీంద్రనాథ ఠాకూరు. విశ్వభారతిలో ఇస్లాము సంస్కృతి అధ్యయనము కొరకు నిజాము 1927లో లక్ష రూపాయలు విరాళమిచ్చి యుండెను. 1933 డిసెంబరులో రవీంద్రుడు హైదరాబాదునకు వచ్చినప్పుడు మెహదీ నవాజ్ జంగ్ అతిథియై బంజారా కొండలమీద బస చేసెను. అప్పటికి ఆ మహాకవి డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు. గంగాతీరపు మెత్తని మట్టిలో పెరిగిన ఆయనకు ఈ రాతిసీమ క్రొత్త. ఆ కొండల నుద్దేశించి ఆయన కొహ్సార్ అను పేరుతో ఒక కవిత వ్రాసెను. పారసీకమున కొహ్సార్ అనగా కొండలసీమ. బండలను పగులగొట్టి చదును చేసియుండినచో ఆ కవికి అచ్చట చూచుటకు ఏమి మిగిలియుండును? ఇంటి యజమాని రాళ్ళను రక్షించెను. ఆ రాళ్ళు కవిచేత కవిత చెప్పించెను.

కొండపై ఇల్లు కట్టుకొన్నను మెహదీ నవాజ్ జంగ్ పల్లమున నున్న నగరమును మరువలేదు. ఆయన హైదరాబాదు పురపాలక కమీషనరుగా కూడ పనిచేసెను. వీథులు ఊడ్పించుట, మురుగు పారించుట, సంతలను శుభ్రముగా నుంచుట, అంటువ్యాధులను అరికట్టుట. ఇవి కవులకు విషయములు కావు గాని ఊరి ప్రాణమంతయు వీనిలోనే యున్నది. స్వచ్ఛమైన గాలిని తాను అనుభవించువాడు దానిని లేనివారికి కూడ కలిగింపవలెనని తలంచుట ధర్మము. ఆ ధర్మమును నెరవేర్చు అవకాశము ఆయనకు ఉద్యోగరూపమున లభించెను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున విలీనమయ్యెను. పాత ప్రభువర్గమువారిలో కొందరు దేశము విడిచిరి. కొందరు మేడల తలుపులు మూసికొని గతమును తలంచుకొనుచు కూర్చుండిరి. మెహదీ నవాజ్ జంగ్ అట్లు చేయలేదు. ఏబదినాలుగేండ్ల వయస్సున ఆయన క్రొత్త కాలమును అంగీకరించి కాంగ్రెసులో చేరి ప్రజాజీవనమున ప్రవేశించెను. ఆజ్ఞలు వ్రాసిన చేయి ఓట్లు అర్థించుటకు మోడ్చవలసివచ్చెను. నవాబు బిరుదు గలవానికి ఇది చిన్న పరీక్ష కాదు. 1952 ఎన్నికల పిమ్మట బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఏర్పడిన మంత్రివర్గమున ఆయన ప్రజాపనుల శాఖను నిర్వహించెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు నీలం సంజీవరెడ్డి మంత్రివర్గములోను ఆయనకు స్థానము లభించెను. రాతియెడల ఆయన చూపిన ఓర్పే కాలముయెడలను చూపెను. ఉన్నదానిని పగులగొట్టక, దానితో కలిసి జీవించు మార్గమును వెదకెను.

ఆయన కట్టించిన ఇండ్లలో గొప్పది తన కొరకు కట్టించుకొన్నది కాదు. 1950ల ఆరంభమున కేన్సరు అనగా మన ప్రాంతమున మరణమునకు మారుపేరు. బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి 1941లో వెలసెను. మద్రాసు అడయారులో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషివలన 1954లో కేన్సరు వైద్యసంస్థ ప్రారంభమయ్యెను. తెలంగాణపు పల్లెలోని పేదరోగి ఆ దూరనగరములకు ఎట్లు పోగలడు? పోయినను అచ్చట ఎవరు చేరదీయుదురు? మెహదీ నవాజ్ జంగ్ పూనికతో హైదరాబాదులోని రెడ్‌హిల్స్‌లో 1955లో కేన్సరు ఆసుపత్రి ఏర్పడెను. అది నేడు ఆయన పేరనే ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రియని ప్రసిద్ధి చెందియున్నది. ప్రభుత్వ సంస్థగా పేదలకు చికిత్స చేయుచున్నది. దూరపు జిల్లాలనుండి మూటాముల్లెలతో వచ్చిన రోగులు దాని ముంగిట కూర్చుండి తమ వంతు కొరకు వేచియుందురు. ఎం.ఎన్.జె. అను మూడక్షరముల వెనుక ఒక మనుష్యుడున్నాడని వారిలో ఎందరికో తెలియదు. తెలియకున్నను వారికి నీడ దొరకుచున్నది. ఇల్లు కట్టినవానికి అంతకంటె కావలసినది ఏమున్నది?

1960 మే 1వ తేదీన బొంబాయి రాష్ట్రము రెండుగా విడి గుజరాతు రాష్ట్ర మేర్పడెను. దానికి తొలి గవర్నరుగా మెహదీ నవాజ్ జంగ్ నియుక్తుడయ్యెను. గాంధీమహాత్ముడు పుట్టిన నేల అది. అప్పటికి ఆ రాష్ట్రమునకు సొంత రాజధాని యైన లేదు. అహమ్మదాబాదునుండి పరిపాలన సాగించుచు, సాబర్మతి తీరమున గాంధీనగర మను క్రొత్త రాజధానికి ఏర్పాట్లు చేసికొనవలసి వచ్చెను. రాళ్ళ నడుమ తొలి ఇల్లు కట్టిన మనుష్యుడు ఇప్పుడు ఒక రాష్ట్రము తన ఇల్లు కట్టుకొనుచుండగా దాని పెద్దగా నిలిచెను.

అహమ్మదాబాదులో గవర్నరుకు నివాసముగా నిర్ణయించినది షాహీబాగులోని మోతీ షాహీ మహలు. మొగలు రాకుమారుడు ఖుర్రం, తరువాత షాజహానుగా ప్రసిద్ధి చెందినవాడు, కట్టించిన భవనమది. 1878లో పదునేడేండ్ల రవీంద్రుడు తన అన్న సత్యేంద్రనాథునితో కొంతకాలము ఆ భవనముననే యుండెను. అన్న అచ్చట న్యాయాధికారి. అన్న కచేరికి పోయిన పిమ్మట బాలుడు ఒంటరిగా ఆ పెద్ద గదులలో తిరుగుచుండెను. ఆ అనుభవమునుండియే ఆకలిగొన్న రాళ్ళను గూర్చిన ఆయన ప్రసిద్ధ కథ పుట్టెను. మనుష్యులను మ్రింగ జూచు పాతమేడ రాళ్ళను అచ్చట దర్శించిన కవి, ఏబదియైదు సంవత్సరములు గడచిన పిమ్మట బంజారా కొండలమీద అతిథిని ఆదరించు రాళ్ళను దర్శించెను. ఆ రెండు ఇండ్లలోను నివసించిన భాగ్యము మెహదీ నవాజ్ జంగ్‌కు లభించెను.

ఆయన 1965 ఆగస్టు 1 వరకు ఆ పదవిలో నుండెను. మతసామరస్యమును, విద్యను, కళలను పెంచగోరిన పెద్దమనుష్యుడుగా గుజరాతు ప్రజలు ఆయనను ఆదరించిరి. అహమ్మదాబాదులో ఆయన పేర ఒక సభామందిరము వెలసెను. పదవి ముగిసిన రెండేండ్లకు, 1967లో, ఆయన తన డెబ్బదిమూడవ యేట పరమపదించెను.

యజమాని పోయిన పిమ్మట కొండలకు ఏమయ్యెనో విచారించుట అవసరము. నగరము ఆయన ఇంటిని అనుసరించి వచ్చెను గాని ఆయన పద్ధతిని అనుసరింపలేదు. 1970ల తరువాత బంజారాహిల్స్ నేలకు వెల పెరిగెను. పెరిగిన వెల ముందు బండ నిలువలేదు. కొండలను పేల్చి చదును చేసిరి. చదును చేసినచోట మేడలు, అంగళ్ళు, హోటళ్ళు, ఆసుపత్రులు లేచినవి. పల్లములను పూడ్చిరి. పేరులో బంజారాలు మిగిలిరి, నేలమీద మిగులలేదు. ఆయన ఓర్పుతో వదలిన రాళ్ళు తరువాతివారి ఇండ్లకు కంకరగా మారినవి.

కన్నుల ఎదుట జరుగుచున్న ఈ నాశమును చూచి సహింపలేని కొందరు 1996లో శిలల రక్షణకై ఒక సంఘమును స్థాపించిరి. వారి కృషివలన కొన్ని శిలాసమూహములు వారసత్వ సంపదలో చేరినవి. మేడలకును ఆపద రాకపోలేదు. ఇర్రం మంజిలును పడగొట్టి అచ్చట శాసనసభ భవనము కట్టవలెనని ప్రభుత్వము 2019లో నిశ్చయింపగా, ఆ సంవత్సరము సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును రద్దు చేసెను. ఉన్నదానిని కూల్చి క్రొత్తది కట్టవలెనా, ఉన్నదానితో కలిసి కట్టవలెనా అను ప్రశ్న నేటికిని తీరలేదని దీనివలన తెలియుచున్నది.

ఈ కొండల వరుసకు ఉత్తరపు అంచున బోరబండ యున్నది. ఒక ప్రక్క బంజారాహిల్స్, జూబిలీహిల్స్‌లలో విశాలమైన భవనములు. ఈ ప్రక్క సైట్-1, సైట్-2, సైట్-3 అని అంకెలతో పిలువబడు పేటలలో చిన్న చిన్న ఇండ్లు ఒకదాని నొకటి ఒరసికొని యున్నవి. ఆ పెద్ద ఇండ్లలో పనిచేయువారు, కట్టడముల కూలీలు, ఆటో నడుపువారు, చిరువ్యాపారులు ఇట్టి పేటలలోనే నివసింతురు. ఇచ్చట ఇల్లు కట్టుకొనుటయు కుటుంబమంతయు కలిసి చేయు సాహసమే. ఒక యేడు గోడలు, మరొక యేడు కప్పు, పిల్లల చదువు గట్టెక్కిన పిమ్మట పై అంతస్తు. నవాబునకు రాతిని విడిచిపెట్టుటకు చోటున్నది. వీరికి అంగుళమైన వదలుటకు వీలులేదు. అయినను తమ ఇల్లు అని చెప్పుకొనునప్పుడు కలుగు ధైర్యము ఇద్దరికిని ఒక్కటే. నగరమును ఏలువారు మెహదీ నవాజ్ జంగ్ వలె ముందునుండి ఉన్నవారిని తలంచి వీథులు వేసినచో, ఈ రెండు ప్రక్కల నడుమ ఇంత ఎడము ఉండెడిది కాదు.

కాలము కొన్ని ఋణములను ఆలస్యముగానైనను తీర్చుచుండును. తెలంగాణపు లంబాడీలను 1976 నాటి చట్టము షెడ్యూల్డు తెగలలో చేర్చెను. వారి బిడ్డలు బడులకు, కళాశాలలకు, ఉద్యోగములకు వచ్చిరి. 2022 సెప్టెంబరు 17వ తేదీన బంజారాహిల్స్‌లోనే సంత్ సేవాలాల్ పేర బంజారా భవనము ప్రారంభమయ్యెను. ఎద్దుల వెంట నడచి, రాళ్ళ నడుమ గుడిసెలు వేసికొని, తుదకు ఆ రాళ్ళతోపాటు మరుగైనవారి సంతతికి అదే కొండమీద ఒక ఇల్లు ఏర్పడెను. దాని తలవాకిటిమీద వ్రాసిన పేరును ఆ కొండకు తొంబదియేండ్లకు ముందు పెట్టినవాడు నవాబు మెహదీ నవాజ్ జంగ్.